రోజుకో లెక్క, రాని భాషలో

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం ఉదయం డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని రాసుకున్నాను. మధ్యలో కరెంటు పోయిన పది నిమిషాల కబుర్లు తీసేశాను.)

అందరికీ నమస్కారం. మేస్టారు నన్ను పరిచయం చేస్తూ "చాలా ప్రోగ్రామింగ్ భాషలు వచ్చిన మనిషి" అన్నారు. అది నిజం కాదండీ. నాకు వచ్చినవి రెండే. ఉద్యోగానికి జావా, సొంత పనులకి పైథాన్. ఇవాళ నేను మాట్లాడబోయేది నాకు రాని భాషల గురించి. కొన్నేళ్ళుగా ప్రతి డిసెంబర్‌లోనూ వాటితో కుస్తీ పడుతున్నాను. ఇన్నేళ్ళు పట్టినా అవి వచ్చాయని చెప్పలేను. కానీ ఆ కుస్తీలో, వచ్చిన భాషల్లో నేను చేస్తున్న తప్పొకటి బయటపడింది. ఆ తప్పు గురించి చెప్దామనే వచ్చాను.

ముందు ఆ డిసెంబర్ సంగతి. అడ్వెంట్ ఆఫ్ కోడ్ అని ఒకటుంది. ఎంతమందికి తెలుసు, చేతులెత్తండి. నలుగురు. సరే, మిగతావాళ్ళ కోసం చెప్తాను. అమెరికాలో ఎరిక్ వాస్టల్ అనే ప్రోగ్రామర్ 2015లో మొదలుపెట్టాడు. డిసెంబర్ 1 నుంచి రోజుకో లెక్క ఇస్తాడు. క్రిస్మస్‌కి ముందు అక్కడి పిల్లలకి రోజుకో చిన్న తలుపు తెరుచుకునే క్యాలెండర్ ఇస్తారు, ఆ పేరే దీనికీ వచ్చింది. మనకి ధనుర్మాసంలో రోజుకో పాశురం ఉంటుంది చూడండి, అలాగ. 2024 దాకా ఏడాదికి 25 లెక్కలు. 2025లో 12కి తగ్గించారు. తగ్గించినందుకు కొందరు బాధపడ్డారు గానీ, నేనైతే హమ్మయ్య అనుకున్నాను. 25 రోజులూ ఏ ఏడూ పూర్తి చేసిన పాపాన పోలేదు. పాత లెక్కలన్నీ అలాగే తెరిచి ఉన్నాయి, డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఇవాళ ఇంటికెళ్ళి 2015 నాటి మొదటి లెక్క నుంచి మొదలెట్టుకోవచ్చు.

ఒక్కో లెక్కకీ రెండు భాగాలు. మొదటిది చేస్తేగానీ రెండోది కనపడదు. మొదటిది చేసి సంబరపడుతుంటే రెండోది వచ్చి, "బాగానే చేశావు గానీ, ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చెయ్యి" అంటుంది. అక్కడ కూలబడతాం.

నాకు దీంట్లో బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. మామూలు కోడింగ్ పోటీల్లో మన ప్రోగ్రామ్‌ని వాళ్ళకి పంపాలి, వాళ్ళ కంప్యూటర్‌లో నడుపుతారు. కాబట్టి వాళ్ళ దగ్గరున్న భాషల్లోనే రాయాలి. ఇక్కడ అలా కాదు. ఒక ఫైలు ఇస్తారు. మీ ఫైలు వేరు, నా ఫైలు వేరు. మనం తిరిగి చెప్పాల్సింది ఒక్క జవాబు, ఏ అంకో ఏ మాటో. దాన్ని ఏ భాషలో తేల్చామో అడగరు. కాగితం మీద చేసుకున్నా అడగరు. కంప్యూటర్ కూడా గొప్పది అక్కర్లేదు. పదేళ్ళ నాటి కంప్యూటర్‌లో 15 సెకన్లలోపు తేలే దారి ప్రతి లెక్కకీ ఉంటుందని పెట్టినవాళ్ళే చెప్పారు. మన ప్రోగ్రామ్ అరగంట తిరుగుతోందంటే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, మనదే.

కొత్త లెక్క అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రికి వస్తుంది. మనకి పొద్దున్న 10:30. నాకు సరిగ్గా ఆఫీసు మీటింగు వేళ. అందుకని గబగబా చదివేసి పక్కన పెడతాను. వంట చేస్తున్నప్పుడు, బట్టలు ఆరేస్తున్నప్పుడు అది బుర్రలో తిరుగుతూ ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక కూర్చుంటాను. పోటీలో ర్యాంకు అనే టెన్షన్ నాకు మొదట్నుంచీ లేదు.

ఇక రాని భాష ఎందుకు? మీలో ఎవరైనా అష్టావధానం చూశారా? అందులో నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉంటుంది. అవధాని పద్యంలో ఒక్కో అక్షరం చెప్తుంటే, పృచ్ఛకుడు తర్వాత ఏ అక్షరం రాబోతోందో ఊహించి "అది వద్దు" అంటాడు. నోటికి వచ్చేస్తున్న మాట ఆగిపోతుంది. అవధాని ఇంకో దారి వెతుక్కోవాలి. చూసేవాళ్ళకి అది గారడీలా ఉంటుంది గానీ, అక్కడ జరిగేదేమిటంటే అలవాటుగా వచ్చే మాటని పక్కన పెట్టి అసలు తను చెప్పదలచుకున్నదేమిటో ఆ మనిషి మళ్ళీ ఆలోచించుకోవలసి వస్తుంది.

కొన్ని ప్రోగ్రామింగ్ భాషలు ఆ పృచ్ఛకుడి లాంటివి. హాస్కెల్ "ఒకసారి విలువ ఇచ్చాక మార్చకూడదు" అంటుంది. ఏపీఎల్‌లో లూపు, అంటే ఒక్కోదానికీ అదే పని మళ్ళీ మళ్ళీ చెయ్యమని, రాయబోతే, "ఎందుకమ్మా, మొత్తం వరస ఒకేసారి ఇవ్వు" అన్నట్టు ఉంటుంది. ఫోర్త్ అయితే, "అంకెలకి పేర్లెందుకు, దొంతరలో పెట్టు" అంటుంది. మనకి అలవాటైన అక్షరాన్ని ఒక్కో భాష ఒక్కోచోట ఆపుతుంది.

ఫోర్త్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, అది మనకి దగ్గర చుట్టం. 1970 ప్రాంతంలో చార్లెస్ మూర్ అనే అమెరికన్ తయారుచేసుకున్నాడు. రేడియో టెలిస్కోప్ నడపడానికి వాడారు. నాలుగో తరం కంప్యూటర్ల కోసం అనే అర్థంలో, ఇంగ్లీషులో "నాలుగవది" అన్న మాటనే పేరుగా పెట్టాలనుకున్నాడు. ఆయన వాడే ఐబీఎం 1130లో పేరుకి ఐదక్షరాలే పడతాయి, ఈ మాటకి ఆరు కావాలి. ఒక అక్షరం పీకేశాడు. ఇప్పటికీ ఆ ఐదక్షరాల పేరే.

ఫోర్త్‌లో 2 + 3 అని రాయకూడదు. 2 3 + అని రాయాలి. ముందు వస్తువులు, చివర పని. పెళ్ళి భోజనాల దగ్గర కంచాలు దొంతర పెట్టి ఉంటాయి చూడండి. పెట్టేది పైనే, తీసేదీ పైనుంచే. ఫోర్త్‌లో అంకె రాస్తే దొంతర మీదకి వెళ్తుంది. ప్లస్ రాస్తే పైనున్న రెండూ తీసి, కలిపి, వచ్చినదాన్ని మళ్ళీ పైన పెడుతుంది. మొదటిసారి చదివినప్పుడు ఇదెక్కడి తలకిందుల వ్యవహారం అనిపించింది. మర్నాడు మా అమ్మ వంటింట్లోంచి "ఆ పప్పులో కాస్త నెయ్యెయ్యే" అంటే అప్పుడు తట్టింది. పప్పు ముందొచ్చింది, నెయ్యి తర్వాతొచ్చింది, చేయాల్సిన పని చివరికొచ్చింది. మనం పుట్టినప్పట్నుంచీ ఫోర్త్‌లోనే మాట్లాడుతున్నాం! తలకిందులుగా ఉన్నది 2 + 3 యే.

ఫోర్త్‌లో పేరుకి నియమం ఒక్కటే, మధ్యలో ఖాళీ ఉండకూడదు. తెలుగు అక్షరాలతో పెట్టినా దానికేం అభ్యంతరం లేదు. తెర మీద ఒత్తులు విడిపోయి వికారంగా కనపడతాయి, అది వేరే గొడవ. చూడండి, ఇక్కడ రాస్తున్నాను.

: కలుపు + ;
: చూపు . ;

కోలన్ పెట్టి ఒక కొత్త మాట, దాని అర్థం, సెమీకోలన్‌తో ముగింపు. చుక్క అంటే పైనున్న అంకె చూపించమని. ఇప్పుడు 2 3 కలుపు చూపు అంటే, వచ్చింది 5.

"2 కి 3 కలుపు" అంటే ఇంకా బాగుంటుంది కదా? "కి" అంటే దానికి తెలీదు, కోప్పడుతుంది. అందుకని : కి ; అని రాశాను. అంటే "కి" అనే మాటకి అర్థం, ఏమీ చెయ్యకు. అంతే. ఇప్పుడు 5 కి 3 కలుపు చూపు. 8. (నవ్వులు) ఇది తెలుగు వాక్యమా, ప్రోగ్రామా?

అలాగే "ని", "లోంచి" కూడా ఏమీ చెయ్యవని చెప్పి, "తీసెయ్" అంటే మైనస్ అని చెప్పాను. 10 లోంచి 3 తీసెయ్ చూపు. 7. ఇక్కడిదాకా సంబరంగానే ఉంది. తర్వాత 3 ని 10 లోంచి తీసెయ్ చూపు అన్నాను. తెలుగులో రెండూ ఒకటే కదా. వచ్చింది మైనస్ 7.

ఆ రాత్రి ఈ మైనస్ దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను. మనకి విభక్తులున్నాయి కాబట్టి మాటలు అటూ ఇటూ జరిపినా అర్థం చెడదు. "ని" ఉన్నదే తీసేసేది, "లోంచి" ఉన్నదే మూలం, ఏది ముందొచ్చినా సరే. ఫోర్త్‌కి విభక్తులు లేవు. ఎక్కడ ఉందన్నదే దాని విభక్తి. బళ్ళో విభక్తులు వల్లించినప్పుడు వాటి పనేమిటో నాకు తెలీలేదు, అవి లేని భాష ఒకటి ఎదురయ్యాక తెలిసింది.

ఇప్పుడు చేపల లెక్క. 2021 డిసెంబర్ 6న వచ్చింది. లాంతరు చేపలని సముద్రంలో ఉంటాయి. ఒక్కో చేపకీ లోపల ఒక అంకె ఉంటుంది, రోజుకి ఒకటి తగ్గుతుంది. సున్నా అయిన మర్నాడు ఆ చేప ఒక పిల్లని పెడుతుంది. తల్లి మళ్ళీ 6 నుంచి మొదలు, పిల్ల 8 నుంచి మొదలు. ఉదాహరణకి ఐదు చేపలిచ్చారు. 3, 4, 3, 1, 2. పద్దెనిమిది రోజులకి 26 అవుతాయి. 80 రోజులకి ఎన్ని?

నేను పైథాన్ తెరిచాను. చేపల జాబితా ఒకటి పెట్టాను. రోజూ అందరి దగ్గరికీ వెళ్ళి ఒకటి తగ్గించు, సున్నా అయితే జాబితా చివర ఒక 8 తగిలించు. అయిదు నిమిషాల పని. 5,934. ఉదాహరణతో సరిపోయింది. నాకిచ్చిన ఫైలు మీద నడిపాను, అదీ సరిపోయింది. కాలరెగరేశాను. రెండో భాగం తెరుచుకుంది. అదే లెక్క, 256 రోజులకి.

నడిపించాను. ల్యాప్‌టాప్ ఫ్యాను పిండిమరలా మోగింది. కాసేపటికి మౌసు కూడా కదల్లేదు. అమ్మ వచ్చి "ఏటే, అది కాలిపోతాదేటి?" అంది. బటన్ నొక్కి ఆపేశాను. తర్వాత తెలిసింది, ఆ ఐదు చేపల ఉదాహరణకే జవాబు 2,698 కోట్ల 44 లక్షల 57 వేల 539. ఒక్కో చేపకి 8 బైట్లు అనుకున్నా 215 జీబీ పైన. నా ల్యాప్‌టాప్‌లో ఉన్న మెమరీ 8 జీబీ.

విసుగొచ్చి, సరే ఈ రాత్రికి ఫోర్త్ అయినా కాస్త నేర్చుకుందాం, మొదటి భాగమే అందులో రాద్దాం అని కూర్చున్నాను. ఫోర్త్‌లో చేపల జాబితా ఎలా పెట్టాలి? పైథాన్‌లో ఉన్నట్టు దానంతటది పెరిగే జాబితా లేదు. జాగా కావాలంటే ముందే చెప్పి తీసుకోవాలి, ఇన్ని గళ్ళు అని. అంకె నేనే రాయాలి. వెయ్యి అని రాయనా? లక్ష అని రాయనా? ఎన్ని చేపలుంటాయో తెలీకే కదా ఈ లెక్క!

మీరెప్పుడైనా తెల్లవారుజామున కళింగపట్నం ఒడ్డుకి వెళ్ళారా? పడవలు వచ్చాక వల దులిపి ఏం చేస్తారు? చేపలకి పేర్లు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టరు. కుప్పలేస్తారు. ఇది ఈ రకం, అది ఆ రకం. బేరం కుప్పకి.

నా లెక్కలో చేపకీ చేపకీ తేడా ఏముంది? లోపలున్న అంకె ఒక్కటే. 3 ఉన్న చేపలు వెయ్యి ఉంటే ఆ వెయ్యీ ఒకేలా బతుకుతాయి, ఒకే రోజు పిల్లల్ని పెడతాయి. మరి ఆ అంకె ఎంత దాకా ఉంటుంది? సున్నా నుంచి ఎనిమిది. అంటే కుప్పలు తొమ్మిది. గళ్ళు తొమ్మిది. రోజు గడిస్తే అన్ని కుప్పలూ ఒక గడి ఇటు జరుగుతాయి. సున్నాలో ఉన్నన్ని చేపలు ఆరో గడిలో కలుస్తాయి, అన్నే పిల్లలు ఎనిమిదో గడిలోకి వస్తాయి. ఇలా 256 సార్లు. ఫోర్త్‌లో రాసి నొక్కాను. ఇంకా వేలు తీయకముందే జవాబు వచ్చేసింది.

తర్వాత అదే తొమ్మిది గళ్ళ పద్ధతి పైథాన్‌లో రాశాను. అక్కడా అంతే వేగం. కాబట్టి పైథాన్‌ని ఆడిపోసుకోవడానికి లేదు. అది ఎన్ని కావాలని నన్ను అడగలేదు, అంతే. అడగని చోట నేను ఆలోచించలేదు. ఇందాక మొదట్లో అన్నానే, నా తప్పొకటి బయటపడిందని. ఇదే. వచ్చిన భాషలో, లెక్క అర్థం కాకపోయినా నా వేళ్ళు ప్రోగ్రామ్ రాసేస్తాయి. మొదటి భాగం సరిపోయినప్పుడు నాకు ఆ లెక్క అర్థమైందనే అనుకున్నాను. కాలేదు. రాని భాషలో ఆ వెసులుబాటు లేదు. ప్రతి గీతకీ ఆగాలి. ఆగినప్పుడు లెక్క మొహంలోకి చూడాల్సి వస్తుంది.

(ఒక విద్యార్థి: "నిదానంగా ఆలోచిస్తే పైథాన్‌లోనూ తడుతుంది కదా మేడం?") తడుతుందయ్యా. నిదానంగా ఆలోచించేవాళ్ళకి ఈ ప్రసంగం అక్కర్లేదు. నాలాంటి తొందర మనుషుల కోసం చెప్తున్నాను.

ఏపీఎల్ సంగతి. కెన్నెత్ ఐవర్సన్ అనే ఆయన మొదట దీన్ని కంప్యూటర్ కోసం తయారుచేయలేదు. హార్వర్డ్‌లో చెప్పేటప్పుడు బోర్డు మీద లెక్కలు రాసుకోవడానికి ఒక రాత పద్ధతిగా పెట్టుకున్నాడు. 1962లో దాని మీద పుస్తకం వచ్చింది, తర్వాత ఐబీఎంలో కంప్యూటర్ మీదికి ఎక్కింది. 1979లో ఆయనకి కంప్యూటర్ రంగంలో పెద్దదైన ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. దాని గుర్తులు మామూలు కీబోర్డు మీద ఉండవు. సున్నాకి అడ్డగీత, త్రికోణానికి నిలువు గీత, ఇలాంటివి. మా అమ్మ తెర చూసి, "జాతకం ఏస్తన్నావేటే?" అంది. నేను కాదనలేదు.

అదే 2021లో డిసెంబర్ 1 లెక్క చూడండి. సముద్రం లోతు కొలిచిన అంకెలు వరసగా ఇచ్చారు. మనం మన ఊరికి తెచ్చుకుందాం. నాగావళికి వరదొచ్చినప్పుడు గంటకోసారి నీటిమట్టం రాశారనుకోండి. 199, 200, 208, 210, 200, 207, 240, 269, 260, 263. ముందుటి గంట కంటే పెరిగినవి ఎన్నిసార్లు? ఏడు. జావాలో అయితే ఫైలు చదవడం వదిలేసినా ఓ ఎనిమిది లైన్లు. ఏపీఎల్‌లో ఐదు గుర్తులు.

+/2</

తర్వాత అంకెల వరస పేరు. కుడి నుంచి ఎడమకి చదవాలి. "2</" అంటే పక్కపక్కనున్న ప్రతి జంటలోనూ మొదటిది చిన్నదా అని అడగడం. అవునంటే 1, కాదంటే 0. "+/" అంటే వాటన్నిటినీ కూడెయ్. లూపు లేదు, ఎక్కడ మొదలు ఎక్కడ ఆపు అన్న గొడవ లేదు.

రెండో భాగంలో, విడి అంకెలు కాదు, మూడేసి కలిపి పోల్చమన్నారు. మొదటి మూడూ 199, 200, 208. తర్వాతి మూడూ 200, 208, 210. నేను బుద్ధిగా మూడేసి కూడాను, జవాబు 5 వచ్చింది. లైను అంత చిన్నగా ఉంటే మళ్ళీ మళ్ళీ చూడబుద్ధేస్తుంది. అలా చూస్తుంటే, 200, 208 రెండు గుంపుల్లోనూ ఉన్నాయి! తేడా తేలాల్సింది 199కీ 210కీ మధ్యే. అసలు కూడక్కర్లేదు, మూడు అంకెల అవతలున్నదాంతో పోలిస్తే చాలు. జావాలో రాసిన ఇరవై లైన్లని నేను ఎప్పుడూ అంత ముద్దుగా తిరిగి చూసుకోలేదు.

ప్రోలాగ్ గురించి టూకీగా. 1972 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో పుట్టింది. అందులో ఎలా చెయ్యాలో చెప్పం, ఏది నిజమో చెప్తాం. పాఠ్యపుస్తకాల్లో దీనికి కుటుంబం ఉదాహరణ ఇస్తారు గానీ, ఇంగ్లీషులో ఒక్క "అంకుల్" తోనే అన్నీ అయిపోతాయి, మజా ఏముంది? మన వరసలు పెట్టి చూడండి. అమ్మకి తోడబుట్టిన మగవాడు మేనమామ. నాన్నకి తోడబుట్టిన ఆడమనిషి మేనత్త. ఎవరు ఎవరికి పుట్టారో రాసి, ఈ నియమాలు నాలుగు రాస్తే చాలు. "రాముకి మేనమామ ఎవరు?" అని అడగొచ్చు. అదే నియమంతో "ఈయన ఎవరెవరికి మేనమామ?" అనీ అడగొచ్చు. పెళ్ళిలో మన పెద్దవాళ్ళు కొత్త మనిషికి ఎటునుంచి కావాలంటే అటునుంచి వరస కలుపుతారు కదా, అచ్చం అలాగే.

అంకెల దగ్గరికొచ్చేసరికి ఆ మంత్రం పారదు. కూడితే 2020 వచ్చే రెండు అంకెల్ని వెతకమని 2020 డిసెంబర్ 1న ఒక లెక్క. ఉదాహరణలో అవి 1721, 299. నేను ధీమాగా "ఏ రెండిటి మొత్తం 2020?" అని అడిగాను. ముందు ఆ రెండూ ఏవో చెప్తే కూడి చెప్తానంది. మామూలు కూడికకి వెనక్కి నడవడం రాదట. దానికి వేరే లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రామ్‌ల కట్ట, ఉందని ఆలస్యంగా తెలిసింది.

ఓడిపోయినవాటిలో ఒకటి చెప్పాలి. 2022 డిసెంబర్ 5. ఓడ మీద పెట్టెలు దొంతరలుగా ఉన్నాయి, క్రేను ఒక దొంతర నుంచి ఇంకోదానికి మారుస్తుంది, చివరికి ప్రతి దొంతర మీదా పైనున్నది ఏది? దొంతరలట! ఫోర్త్ దొంతరల భాష! మీటింగు ఎప్పుడవుతుందా అని చూశాను. రాత్రి కూర్చున్నాక తెలిసింది, నాకు కావాల్సినవి తొమ్మిది దొంతరలు, ఫోర్త్ చేతికిచ్చేది ఒక్కటి. సరే, అవి కట్టుకోవచ్చు. అసలు చిక్కు వేరే. ఆ పెట్టెల్ని అక్షరాలతో బొమ్మలా గీసి ఇచ్చారు. ఆ బొమ్మని చదివి అక్షరాలు ఏరుకోవడం ఫోర్త్‌లో నా వల్ల కాలేదు. రాత్రి పన్నెండున్నర దాకా చూసి, తిట్టుకుని పడుకున్నాను.

మర్నాడు ఆక్ అనే పాత భాష తీశాను. 1977 నాటిది, బెల్ ల్యాబ్స్‌లో ముగ్గురు రాశారు, వాళ్ళ పేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. లైను లైనుగా ఉన్న రాతని చదివి కావాల్సిన ముక్క తీయడమే దాని వృత్తి. దాంతో బొమ్మని శుభ్రం చేసి, అంకెల వరసగా మార్చి, ఫోర్త్‌కి ఇచ్చాను. రెండు భాగాలూ అయిపోయాయి. ఇది మోసమని నా స్నేహితురాలు వాదించింది, ఒక లెక్కకి ఒక భాషే ఉండాలట. పొందూరులో పత్తిని రాట్నం మీదకి ఎక్కించే ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు, తెలుసు కదా మీకు. ఆ చిన్న చిన్న పళ్ళు చెత్తని తీసి పీచుని సాపు చేస్తాయి. ఆ దవడతో నూలు వడకమంటే వడకలేదు. రాట్నంతో దువ్వమంటే దువ్వలేదు. వాళ్ళనెవరూ మోసం చేశారని అనలేదు.

అయితే కష్టంగా ఉన్న భాషలన్నీ పనికొస్తాయని మాత్రం అనుకోకండి. ఎనిమిదే ఎనిమిది గుర్తులతో మొత్తం రాయాల్సిన భాష ఒకటుంది, 1993 నాటిది, దాని పేరు మేస్టారి ముందు పలకలేను. (నవ్వులు) అందులో ఒక లెక్క చేశాను. రెండు రాత్రులు పోయాయి. లెక్క గురించి ఒక్క కొత్త సంగతీ తెలియలేదు. పృచ్ఛకుడు ఒక అక్షరం ఆపితే పద్యం మలుపు తిరుగుతుంది. అన్ని అక్షరాలూ ఆపేస్తే అది గొంతు నొక్కడం.

చీటీల మీద వచ్చిన ప్రశ్నలు రెండు చూస్తాను. "దీనివల్ల ఉద్యోగం వస్తుందా?" రాదు. మీ రెజ్యూమెలో ఫోర్త్ అని చూస్తే ఇంటర్వ్యూ చేసేవాళ్ళు అచ్చుతప్పు అనుకుంటారు. క్యాంపస్ సెలెక్షన్లకి జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్ చదువుకోండి.

"చాట్‌బాట్‌ని అడిగితే చెప్పేస్తుంది కదా?" చెప్పేస్తుంది. ఏఐతో చేయించవద్దని ఆ సైటువాళ్ళే అడుగుతున్నారు, అదొకటి. పైగా తక్కువమంది రాసే భాషల్లో అది ఒక్కోసారి లేని మాటలు పుట్టించి ఎంతో నమ్మకంగా ఇస్తుంది. నాకు ఏపీఎల్‌లో ఒక గుర్తుకి లేని అర్థం చెప్పింది. గంట పోయాక భాష మాన్యువల్ తీశాను, ముందే తీయాల్సింది.

ఏమేం కావాలని వెనకనుంచి అడుగుతున్నారు. జీఫోర్త్, ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ రెండూ ఉచితం. ఏపీఎల్ అయితే ట్రైఏపీఎల్ అని బ్రౌజర్‌లోనే ఉంది, ఏమీ ఎక్కించక్కర్లేదు. లినక్స్ ఉంటే ఆక్ మీ కంప్యూటర్‌లో ఇప్పటికే ఉంటుంది.

ఆ మూడో వరసలో అమ్మాయి ఇందాకట్నుంచీ చెయ్యెత్తి ఉంది. చెప్పమ్మా.

(విద్యార్థిని: "మేడం, 'ని', 'లోంచి' ఏమీ చెయ్యవని కాకుండా, ఒక్కోదానికి ఒక్కో డబ్బా ఇస్తే? 'ని' వచ్చినప్పుడు పైనున్న అంకె ఒక డబ్బాలోకి, 'లోంచి' వచ్చినప్పుడు ఇంకో డబ్బాలోకి. తీసెయ్ అన్నప్పుడు రెండు డబ్బాలూ చూసుకుంటుంది.")

ఇది నేను చెయ్యలేదు. ఆగు, రాసి చూద్దాం. తీసేది, మూలం అని రెండు డబ్బాలు పెడుతున్నాను. ఆశ్చర్యార్థకం పెడితే డబ్బాలో వెయ్యమని, ఈమెయిల్‌లో ఉండే @ గుర్తు పెడితే తియ్యమని.

: ని తీసేది ! ;
: లోంచి మూలం ! ;
: తీసెయ్ మూలం @ తీసేది @ - ;

10 లోంచి 3 ని తీసెయ్ చూపు. 7. ఇప్పుడు 3 ని 10 లోంచి తీసెయ్ చూపు. 7! (చప్పట్లు) విభక్తులు వచ్చేశాయి దీనికి. నీ పేరేంటమ్మా? సరే, తర్వాత కలుద్దాం మనం.

(మరో విద్యార్థి: "కానీ మేడం, మనం '10 లోంచి 4 తీసెయ్' అంటాం, '4 ని' అనం కదా?")

నిజమే, ప్రాణం లేనివాటికి మనం "ని" మింగేస్తాం. చూద్దాం ఏమంటుందో. 10 లోంచి 4 తీసెయ్ చూపు.

7 అంటోంది. (నవ్వులు) ఇంకోసారి ఊరికే చూపు అంటాను. 4.

(అదే విద్యార్థి: "డబ్బాలో పాత 3 ఉండిపోయింది మేడం. 4 దొంతర మీదే ఉంది.")

అవును, అక్కడే ఉండిపోయింది. అయితే "తీసెయ్" ముందు ఏం చూసుకోవాలి? డబ్బా ఖాళీగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? సున్నా పెడదామంటే, సున్నాని తీసెయ్యమంటే ఎలా? మేస్టారు గడియారం చూపిస్తున్నారు. ల్యాప్‌టాప్ ఇక్కడే పెడుతున్నాను, టీ తాగి వచ్చేలోగా ఎవరైనా చేసి చూడండి.